జ్ఞానదంతం దగ్గర చిగురు వాపు, ఒళ్లంతా పాకే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట): తరచుగా అడిగే ప్రశ్నలు

దవడ చివర జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచినవాళ్ల సందేహాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. మందు మింగితే తగ్గి, నెల తిరక్కుండా మళ్లీ ఎందుకొస్తోంది? ఈ చిన్న వాపుకే జ్వరమెందుకు? గుండెకీ షుగర్‌కీ దీనితో సంబంధముందా? పన్ను పీకించేయాలా? దశలవారీగా జవాబులు ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లొచ్చు.

ఊపిరి అందకపోయినా, ఉమ్ము కూడా మింగలేకపోయినా, నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేస్తున్నా చదవడం ఆపి వెంటనే ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

## మొదలైనప్పుడు

దవడ చివర చిగురు ఉబ్బి సలుపుతోంది. ఇది జ్ఞానదంతం వల్లేనా, పిప్పి పన్నా?

అద్దం ముందు టార్చ్ వేసి చూడండి. చివరి పన్ను సగమే బయటికొచ్చి, మిగతా సగం మీద చిగురు మడతలా కప్పి ఉందా? ఆ మడత ఎర్రగా ఉబ్బి, వేలితో నొక్కితే చేదుగా చీము ఊరుతోందా? అయితే ఇది చాలావరకు పెరికొరొనైటిస్, అంటే మొలుస్తున్న పన్ను తల చుట్టూ చిగురు వాపు. పిప్పి పన్ను నొప్పి చల్లటివో వేడివో తగిలితే జివ్వుమంటుంది. ఇది నమిలినప్పుడు, మింగినప్పుడు నొక్కుకుపోయినట్టు నొప్పి పెడుతుంది, చెవిలోకి లాగుతుంది. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది కాబట్టి ఎక్స్‌రే తీశాకే ఖాయంగా చెప్పగలరు.

పన్ను పుచ్చలేదు, రోజూ రెండుసార్లు తోముతాను. మరి ఇన్‌ఫెక్షన్ ఎలా వచ్చింది?

తప్పు మీ బ్రష్‌ది కాదు, ఆ చోటిది. జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అప్పటికి దవడలో చోటు మిగలకపోతే పన్ను సగంలో ఆగిపోతుంది. చిగురు మడతకీ పన్నుకీ మధ్య ఒక సంచి ఏర్పడుతుంది. అందులోకి తిండి తునకలు వెళ్తాయి గానీ బయటికి రావు, బ్రష్ కుచ్చు అక్కడికి చేరదు. గాలి తగలని ఆ సంచిలో ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా, ముఖ్యంగా ప్రివొటెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం జాతులవి, స్థిరపడతాయి. నోటి దుర్వాసన వీటివల్లే. మామూలు రోజుల్లో శరీరం వాటిని అదుపులో ఉంచుతుంది. జలుబు చేసినప్పుడో, నిద్ర చాలనప్పుడో, పొగ తాగే అలవాటున్నప్పుడో ఆ పట్టు సడలి వాపు మొదలవుతుంది.

డాక్టర్ పైపన్నుని అరగదీస్తానంటున్నారు. నొప్పి కిందిపన్నుకి కదా?

కింది చిగురు ఉబ్బగానే పైపన్ను కొస నమిలిన ప్రతిసారీ దానిమీద దిగుతుంది. నలిగిన చిగురు ఇంకా ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ ఇంకా నలుగుతుంది. ఈ చక్రం ఆగకపోతే ఏ మందూ సరిగ్గా పని చేయదు. అందుకే పైపన్ను కొసని కాస్త అరగదీస్తారు, లేదా ఆ పైపన్ను ఎందుకూ పనికిరాని జ్ఞానదంతమే అయితే దాన్ని తీసేస్తారు. చాలామందికి అదే రోజు సగం ఉపశమనం దొరుకుతుంది.

నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. దవడ విరిగిందా?

విరగలేదు. జ్ఞానదంతానికి ఆనుకునే నమిలే కండరాలు ఉంటాయి. వాపు వాటిని తాకగానే అవి బిగుసుకుంటాయి. పెద్దవాళ్ల నోరు మామూలుగా వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటుంది. ఆ లెక్కన రోజూ కొలుచుకోండి. రెండు వేళ్లకి తగ్గితే ఇన్‌ఫెక్షన్ చిగురు దాటి లోతుకి దిగుతోందని అనుమానించి ఆ రోజే చూపించుకోవాలి. బలవంతంగా తెరిచే ప్రయత్నం మాత్రం వద్దు.

## ఇంట్లో మొదటి రెండు రోజులు

ఉప్పునీళ్లు ఎంత, ఎలా, ఎన్నిసార్లు?

ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు. తల వాపున్న వైపు వంచి, నీళ్లు ఆ మూలకి చేరేలా అర నిమిషం నిలిపి, అప్పుడు పుక్కిలించి ఉమ్మండి. మూడు నాలుగు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ చేయాలి. గొంతులో గలగలలాడిస్తే గొంతుకి మంచిదేమో గానీ, నీళ్లు ఈ సంచిదాకా రావు. మొద్దు మొన ఉన్న వంపు సిరంజిని దంతవైద్యుల దగ్గర అడిగి తెచ్చుకుని, చిగురు మడత అంచున నెమ్మదిగా నీళ్లు కొడితే పుక్కిలించడం కన్నా ఎన్నో రెట్లు మేలు. ఇంజెక్షన్ సూది మాత్రం ఎప్పుడూ వాడకండి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడొచ్చా?

వాడొచ్చు. 0.2 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు. పేస్ట్‌తో తోమిన వెంటనే వాడితే పేస్ట్‌లోని నురుగు పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి అరగంట ఎడం ఉంచండి. వారం పది రోజులకి మించితే పళ్లమీద గోధుమ రంగు మరకలు, నాలుకకి రుచి మారడం మామూలే. ఇది పడక దద్దుర్లు వచ్చినవాళ్లు మళ్లీ ముట్టకూడదు.

ఏ నొప్పి మాత్ర వేసుకోవాలి?

వాపుతో వచ్చే పంటి నొప్పికి ఐబూప్రొఫెన్ బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి 400 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్నాక, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో. డాక్టర్ చెప్పకుండా రోజుకి 1200 మిల్లీగ్రాములు దాటకూడదు. అది చాలకపోతే పారాసిటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు కలిపి వేసుకోవచ్చు. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. పారాసిటమాల్ మొత్తం రోజుకి 4 గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది, ఆ లెక్క కూడా కలపండి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలతో రేగే ఆస్తమా, గర్భం, రక్తం పలచబరిచే మందులు ఉంటే ఐబూప్రొఫెన్ జోలికి పోకండి.

నొప్పి తగ్గిందంటే ఇన్‌ఫెక్షన్ తగ్గిందని కాదు. మాత్ర జ్వరాన్ని కూడా కప్పేస్తుంది. అందుకే మాత్ర వేసుకోబోయే ముందే జ్వరం చూసుకుని రాసిపెట్టుకోండి.

లవంగ నూనె, ఆస్పిరిన్ పొడి, వేడి కాపడం పనిచేస్తాయా?

ఆస్పిరిన్‌ని చిగురుమీద పెడితే అది ఆమ్లం కాబట్టి చిగురు తెల్లగా కాలిపోతుంది. లవంగ నూనె నేరుగా రాసినా మంట, పుండు పడొచ్చు. కాసేపు తిమ్మిరెక్కిస్తుందే తప్ప సంచిలోది కదలదు. బయట చెంపకి వేడి కాపడం పెడితే రక్తప్రసరణ, వాపు రెండూ పెరుగుతాయి. చల్లటి గుడ్డ చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టడం నయం. సూదితో గుచ్చి చీము తీయడం అన్నిటికన్నా ప్రమాదం.

అంత నొప్పిలో అక్కడ బ్రష్ ఆపేయనా?

ఆపితే రెండు రోజుల్లో ఇంకా ముదురుతుంది. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ కానీ, ఒకే కుచ్చు ఉండే సన్నటి బ్రష్ కానీ తీసుకోండి. నోరు పూర్తిగా తెరవకుండా సగం మూస్తే చెంప వదులై బ్రష్ వెనక్కి వెళ్తుంది. రక్తం వచ్చినా భయపడకండి, వాచిన చిగురు గుణమే అది.

## ఎప్పుడు పరిగెత్తాలి

ఎన్ని రోజులు చూడొచ్చు?

చిగురుకే పరిమితమైన స్వల్ప నొప్పి అయితే రెండు రోజుల శుభ్రతలో తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే దంతవైద్యుల దగ్గరికి వెళ్లాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, చెంప బయటికి కనిపించే వాపు, దవడ కింద బిళ్ల కట్టడం, మింగడం కష్టమవడం, నోరు బిగుసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు వెళ్లాలి. గొంతు మారిపోవడం, ఉమ్ము కారిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, మెడ గట్టిపడటం, మాటలు తడబడటం ఉంటే దంతవైద్యులు కాదు, అత్యవసర విభాగమే.

పంటి వాపు మెడలోకి ఎలా దిగుతుంది?

కింది జ్ఞానదంతం వేళ్ల కొసలు చాలామందిలో నోటి నేలని మోసే కండరం కంటే కింద ఉంటాయి. అక్కడ చేరిన చీముకి దవడ కిందికి దిగే దారి దగ్గర. అక్కణ్నించి గొంతు పక్కన, గొంతు వెనక, ఆపై గుండె చుట్టూ ఉన్న ఖాళీల దాకా వదులైన పొరల మధ్య దారులున్నాయి. నాలుక కింద, దవడ కింద రెండు వైపులా ఒకేసారి గట్టిపడితే దాన్ని లుడ్‌విగ్ యాంజైనా అంటారు. జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్‌విగ్ 1836లో దీన్ని వర్ణించాడు. ఇందులో ప్రాణం తీసేది చీము కన్నా ముందు మూసుకుపోయే శ్వాసమార్గం. అందుకే గంటలు లెక్కపెడతారు, రోజులు కాదు.

## డాక్టర్ దగ్గర

డాక్టర్ యాంటీబయాటిక్ రాయలేదు. కడిగి పంపేశారు. ఇది సరైనదేనా?

సరైనదే. ఈ జబ్బుకి మొదటి చికిత్స కడగడమే. మొద్దు సూది ఉన్న సిరంజితో చిగురు మడత కిందికి సెలైన్ కానీ క్లోర్‌హెక్సిడిన్ కానీ పంపి, బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా తిండి, చీము, పాచి బయటికి కొట్టేస్తారు. గాలి, నీరు తగలగానే అక్కడి బ్యాక్టీరియాకి బతుకు కష్టమవుతుంది. జ్వరం, బిళ్ల కట్టడం, నోరు బిగియడం, వాపు పాకడం, రోగనిరోధక శక్తి తక్కువగా ఉండటం, ఇవి ఉన్నప్పుడే యాంటీబయాటిక్ కలుపుతారు. కారణం సూటిగానే ఉంది: రక్తం ద్వారా వచ్చే మందు చిగురులోకి వెళ్తుంది గానీ, సంచిలో కుళ్లుతున్న తునకలోకి వెళ్లదు.

మెట్రోనిడజోల్ ఇచ్చారు. ఏ జాగ్రత్తలు?

ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియాని బాగా చంపుతుంది కాబట్టి దీన్ని ఎంచుకుంటారు. పెద్దవాళ్లకి 400 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, మూడు రోజులు అన్నది ఎక్కువగా వాడే కొలత. మీ కొలత మీ డాక్టర్ చెప్పిందే. మందు వాడినన్ని రోజులూ, ఆపాక 48 గంటలూ మద్యం వద్దు. నోట్లో లోహం రుచి రావడం మామూలే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు తప్పకుండా చెప్పాలి, రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను. ప్రతిసారీ తగ్గి మళ్లీ వస్తోంది. మందు మార్చాలా?

మందు మార్చడం కాదు, సంచి సంగతి చూడాలి. మందు ఆ పూట బ్యాక్టీరియాని తగ్గించింది. చిగురు మడత అక్కడే ఉంది, పన్ను అక్కడే ఆగింది, పైపన్ను అదే చోట నలుపుతోంది. కొన్ని వారాల్లో సంచి మళ్లీ నిండుతుంది. పాత చీటీ చూపించి అదే మందు కొనుక్కునే పద్ధతి మరీ చెడ్డది. మందుకి లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది, లోపల ఎముక కరుగుతున్నా బయటికి తెలియదు, పక్కనున్న మంచి పన్ను వెనకవైపు పుచ్చుతుంది. రెండోసారి రాగానే ఎక్స్‌రే తీయించి, పన్ను దారి ఏమిటో తేల్చుకోవాలి.

అదే రోజు పన్ను పీకేయొచ్చు కదా, ఎందుకు వాయిదా వేస్తారు?

వాచినచోట మత్తు ఇంజెక్షన్ సరిగ్గా పట్టదు. నోరు తెరుచుకోక పరికరం లోపలికి వెళ్లదు. అందుకే చాలాసార్లు ముందు వాపు తగ్గించి తర్వాత తీస్తారు. అయితే చీము పాకుతున్నప్పుడు, ఆస్పత్రిలో మూలాన్ని తీసేయడమే మేలని వెంటనే తీసే సందర్భాలూ ఉన్నాయి.

## ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్

చిగురు అంత చిన్నది. దానికి ఇంత జ్వరం, ఒళ్లు నొప్పులు ఎలా?

చిగురు దగ్గర పోరాడే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్‌ఎఫ్ అనే సంకేత పదార్థాల్ని వదులుతాయి. అవి అక్కడితో ఆగవు, రక్తంలో కలుస్తాయి. మెదడులో ఉష్ణోగ్రతని నిర్ణయించే చోటికి చేరి జ్వరం తెప్పిస్తాయి. కాలేయానికి చేరి సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ని తయారు చేయిస్తాయి. నీరసం, ఆకలి మందగించడం, ఒళ్లు నొప్పులు ఈ సంకేతాల పనే. బ్యాక్టీరియా రక్తంలో పెరిగిపోయిందని దానర్థం కాదు. ఆ రెండిటి తేడా ఇక్కడ ముఖ్యం. వాచిన చిగురుతో నమిలినా, తోమినా కొద్దిపాటి బ్యాక్టీరియా రక్తంలోకి జారుతుంది. ఆరోగ్యవంతుల్లో రక్తం దాన్ని త్వరలోనే శుభ్రం చేసుకుంటుంది.

రక్తపరీక్షలో సీఆర్‌పీ ఎక్కువొచ్చింది. పన్నే కారణమా?

ఒక్క పరీక్షతో చెప్పలేం. ఇన్‌ఫెక్షన్ మొదలైన ఆరేడు గంటల్లో సీఆర్‌పీ పెరగడం మొదలై, రెండు రోజులకి గరిష్ఠానికి చేరుతుంది. కారణం పోయాక సుమారు 19 గంటలకోసారి సగానికి తగ్గుతుంది. కాబట్టి చిగురు నయమైన రెండు మూడు వారాలకి మళ్లీ చేయించండి. పడిపోతే పన్నుమీద అనుమానం బలపడుతుంది. అలాగే ఉంటే వేరే కారణం వెతకాలి. సీఆర్‌పీకి చిరునామా ఉండదు: ఊబకాయం, పొగ, కీళ్లవాతం, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అన్నీ దాన్ని పెంచుతాయి. గుండె ముప్పు లెక్కకట్టే సున్నితమైన సీఆర్‌పీ పరీక్షని పంటి వాపున్న వారంలో చేయించడం దండగ. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటిన ఫలితాన్ని ఆ లెక్కకి వాడకుండా మళ్లీ చేయిస్తారు.

చిగురు జబ్బుతో గుండెపోటు వస్తుందట, నిజమా?

దీర్ఘకాలపు చిగురు జబ్బు ఉన్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. పొగ, షుగర్ లాంటి ఉమ్మడి కారణాలు తీసేశాక కూడా సంబంధం మిగులుతోందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ప్రకటించింది. అదే ప్రకటనలో, ఒకటి రెండోదానికి కారణమని తేలలేదనీ, చిగురు చికిత్స గుండెపోటుని ఆపుతుందనే రుజువు లేదనీ చెప్పింది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో చిగుళ్లకి గట్టి చికిత్స చేసిన మర్నాడు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ పెరిగింది, రక్తనాళాల పనితీరు కాస్త తగ్గింది. ఆరు నెలలకి అదే పనితీరు మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ల కన్నా మెరుగైంది. నాలుగు రోజుల జ్ఞానదంతపు వాపుని ఏళ్ల తరబడి రగిలే చిగురు జబ్బుతో సమానం చేయకూడదు. కానీ ఏడాది పొడవునా వస్తూపోతూ, లోపల 4 మిల్లీమీటర్లో అంతకన్నా లోతో సంచి మిగిలిపోతే అది దీర్ఘకాలపు చిగురు జబ్బే. నొప్పి లేదని వదిలేయకూడనిది అదే.

షుగర్ ఉంది. దీనివల్ల షుగర్ పెరుగుతుందా?

పెరుగుతుంది, రెండువైపులా. ఇన్‌ఫెక్షన్ రోజుల్లో ఒత్తిడి హార్మోన్లు, ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు ఇన్సులిన్ పని చెడగొడతాయి. షుగర్ అదుపు తప్పితే తెల్లకణాలు సరిగ్గా పోరాడలేవు, ఇన్‌ఫెక్షన్ పాకుతుంది. చిగురు జబ్బుకి చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఇది చిగుళ్లన్నిటి చికిత్సకి వచ్చిన లెక్క, ఒక్క జ్ఞానదంతానిది కాదు. నోరు నొప్పితో తిండి తగ్గినప్పుడు ఇన్సులిన్ మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా మానేయకండి.

కీళ్ల నొప్పులు, ఎప్పుడూ అలసట. పళ్లు పీకించేస్తే పోతాయా?

ఈ ఆశ వందేళ్ల నాటిది, చాలామంది నోళ్లు ఖాళీ చేసింది. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలో, నోటిలో దాగిన కుళ్లే ఎన్నో జబ్బులకి మూలమన్నాడు. ఆ వాదం ఊపందుకుని, కీళ్లవాతం మొదలు మానసిక జబ్బుల దాకా నయం చేస్తామని మంచి పళ్లని కూడా పీకేశారు. రోగులకి పళ్లు పోయాయి, జబ్బులు అలాగే ఉన్నాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో వైద్యలోకం దాన్ని వదిలేసింది. జ్ఞానదంతం తీయడానికి కారణం ఆ పన్ను దగ్గరే కనబడాలి: మళ్లీమళ్లీ వాపు, పుచ్చు, ఎముక కరగడం, తిత్తి. అలసట ఒక్కటే కారణంగా తీయమంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

గుండె కవాటం మార్చారు. ప్రత్యేక జాగ్రత్త ఉందా?

ఉంది. కృత్రిమ కవాటం, గతంలో గుండె లోపొర ఇన్‌ఫెక్షన్, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవాళ్లకి చిగురుని కదిలించే చికిత్సకి 30 నుంచి 60 నిమిషాల ముందు యాంటీబయాటిక్ ఇస్తారు, పెన్సిలిన్ పడేవాళ్లకి మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు. కుర్చీలో కూర్చోకముందే ఈ సంగతి చెప్పాలి.

గర్భిణిని. ప్రసవం దాకా ఆగనా?

ఆగకండి. హార్మోన్ల వల్ల ఈ నెలల్లో చిగుళ్లు త్వరగా వాస్తాయి. కడిగించుకోవడం ఏ నెలలోనైనా సురక్షితమే. పన్ను తీయాల్సి వస్తే నాలుగు నుంచి ఆరో నెల అనువైన సమయం. నొప్పికి పారాసిటమాల్ చాలు.

## పన్ను తీయించాలా

మొదటిసారే వచ్చింది. వెంటనే తీయించాలా?

తీవ్రంగా లేకపోతే అక్కర్లేదు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2000లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, మొదటి వాపు మరీ తీవ్రమైతే తప్ప శస్త్రచికిత్సకి కారణం కాదు, రెండోసారి నుంచి కారణమవుతుంది. పన్ను నిటారుగా ఉండి, పైకి రావడానికి చోటుంటే కొన్నాళ్లు శుభ్రంగా ఉంచి చూడొచ్చు. పక్కపన్నుని పొడుస్తూ వాలి ఉంటే ఎదురుచూడటంలో లాభం తక్కువ.

చిగురు మడత ఒక్కటే కోసేయమంటే?

కోయొచ్చు, కానీ వెనక చోటు లేకపోతే చిగురు మళ్లీ పెరిగి కప్పేస్తుంది. పన్ను పూర్తిగా మొలిచే అవకాశం ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది.

నరం దెబ్బతిని పెదవి తిమ్మిరెక్కుతుందంటున్నారు. ఎంత భయపడాలి?

కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం ఈ పన్ను వేళ్ల దగ్గరగా వెళ్తుంది. కొద్దిమందికి కొన్ని వారాలు, నెలలు తిమ్మిరి ఉంటుంది. శాశ్వతంగా మిగిలేది నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలో. ఎక్స్‌రేలో వేళ్లు నరం కాలువని తాకుతున్నట్టుంటే త్రీడీ స్కాన్ అడగండి. అవసరమైతే పన్ను తలని మాత్రమే తీసి వేళ్లని ఎముకలోనే వదిలే కరొనెక్టమీ పద్ధతి ఉంది. చిగురు సంచి దాంతో పోతుంది, నరం జోలికి వెళ్లరు.

తీయించాక నాలుగో రోజు నొప్పి పెరిగింది. మళ్లీ ఇన్‌ఫెక్షనా?

శస్త్రచికిత్స వాపు రెండు మూడు రోజులకి గరిష్ఠమై తర్వాత దిగాలి. దిగుతూ ఉన్న నొప్పి రెండు నుంచి నాలుగో రోజు మధ్య ఒక్కసారిగా చెవిలోకి పొడుస్తూ, గుంత ఖాళీగా, దుర్వాసనతో ఉంటే అది చాలావరకు డ్రై సాకెట్. గుంతలో రక్తపు గడ్డ నిలవకపోవడం వల్ల వస్తుంది. పొగ తాగేవాళ్లలో ఎక్కువ. గుంత కడిగి మందు పెడితే గంటల్లో ఊరట వస్తుంది. మొదటి 24 గంటలు పుక్కిలించకుండా, స్ట్రాతో పీల్చకుండా, పొగ కనీసం మూడు రోజులు మానేస్తే ముప్పు తగ్గుతుంది. నొప్పితోపాటు వాపు, జ్వరం కొత్తగా పెరుగుతుంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్ కిందే లెక్క. తీసిన డాక్టర్‌కి ఆ రోజే చూపించండి.